మార్పిడి రోగి గుండెకు ఏ కాంట్రాస్ట్?

(హృద్రోగ వైద్యులు, రేడియాలజీ, క్యాథ్‌ల్యాబ్ సిబ్బంది, అవయవ మార్పిడి సమన్వయకర్తలు పాల్గొన్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అవయవ మార్పిడి జరిగిన రోగికి గానీ, మార్పిడి కోసం ఎదురుచూస్తున్న రోగికి గానీ కాంట్రాస్ట్‌తో, అంటే బొమ్మలో నాళాలు స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే మందుతో, గుండె పరీక్ష రాయగానే మన ఆసుపత్రులలో మొదట వినిపించే ప్రశ్న “క్రియాటినిన్ ఎంత ఉంది?” అన్నది. రక్తంలో ఈ అంకె పెరిగితే సాధారణంగా కిడ్నీ వడపోత తగ్గిందని అర్థం. అడగవలసిన ప్రశ్నే గానీ, అది మొదట అడగవలసినది కాదు. ఈ పరీక్షతో మనం ఏం తెలుసుకోవాలనుకుంటున్నాం, అది తెలిశాక రోగి చికిత్సలో ఏం మారుతుంది అన్నవి తేలాకనే క్రియాటినిన్ లెక్కకు అర్థం వస్తుంది. ఏ సీసా తెరవాలన్న మాట ఆ తర్వాత వస్తుంది. ఈ వరుస తలకిందులైనచోట రెండు రకాల నష్టం జరుగుతోంది. కిడ్నీ పాడవుతుందన్న భయంతో చేయవలసిన పరీక్షను ఆపేయడం ఒకటి, ఆనవాయితీ కొద్దీ అవసరం లేని పరీక్ష చేయడం రెండవది. నేను ఎక్కువగా చూస్తున్నది మొదటి రకం. ఆ భయాలలో చాలా భాగం పాత మందుల కాలంలో, పాత మోతాదుల కాలంలో పుట్టినవి. మందులు మారినా భయం మారలేదు.

“మార్పిడి రోగి” అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, కాంట్రాస్ట్ విషయంలో వీరంతా ఒక కోవకు చెందినవారు కారు. గుండె మార్పిడి జరిగినవారికి కొత్త గుండె, పాత కిడ్నీలు ఉంటాయి. కిడ్నీ మార్పిడి జరిగినవారికి పాత గుండె, కొత్త కిడ్నీ ఉంటాయి, ఆ కిడ్నీ కూడా ఒక్కటే. కిడ్నీ కోసం జాబితాలో ఉన్నవారిలో డయాలసిస్ మీద ఉండి చుక్క మూత్రం రానివారు ఉంటారు, రోజుకు అర లీటరు వస్తున్నవారూ ఉంటారు. ఈ నలుగురికీ ఒకే నియమం వర్తింపజేస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

గుండె మార్పిడి నుంచి మొదలుపెడతాను. మన దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. అది చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ రాజమహేంద్రవరంలో పుట్టినవారన్న సంగతి ఈ సభలో ఒకసారి చెప్పుకోదగినది. ఆ రోజుల్లో అందరినీ వేధించిన సమస్య శరీరం కొత్త గుండెను తిరస్కరించడం. ఇప్పుడు రోగులు ఏళ్ల తరబడి బతుకుతున్నారు కాబట్టి మరో సమస్య ముందుకు వచ్చింది. మార్పిడి చేసిన గుండెకు రక్తం తెచ్చే కరోనరీ నాళాల గోడలు లోపలి వైపున మందమవుతూ, నాళం పొడవునా సన్నబడిపోయే జబ్బు అది. దీనినే అలోగ్రాఫ్ట్ వాస్క్యులోపతి అంటున్నాం. మామూలు కరోనరీ జబ్బులో ఒకచోట అడ్డంకి ఉంటుంది, అటూ ఇటూ నాళం బాగుంటుంది, కాబట్టి తేడా కంటికి కనిపిస్తుంది. ఇక్కడ నాళమంతా సమానంగా సన్నబడుతుంది, అందువల్ల తొలి దశలో యాంజియోగ్రామ్ (క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో నాళంలోకి కాంట్రాస్ట్ పంపి తీసే ఎక్స్‌రే) కూడా మోసం చేయగలదు. పైగా దాత గుండెను తీసేటప్పుడు దాని నరాలు తెగిపోతాయి కాబట్టి చాలామంది రోగులకు ఛాతీనొప్పి తెలియదు. ఆయాసంతోనో, లయ తప్పడంతోనో, ఒక్కోసారి హఠాన్మరణంతోనో ఈ జబ్బు బయటపడుతుంది. అందుకే లక్షణాలు లేకపోయినా క్రమం తప్పకుండా వెతకవలసి వస్తోంది. అంతర్జాతీయ గుండె, ఊపిరితిత్తుల మార్పిడి సంఘం 2010 మార్గదర్శకాలు ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి యాంజియోగ్రామ్ ఆలోచించమని చెప్పాయి. అదే వాక్యం తర్వాత అవి మరో మాట కూడా చెప్పాయి: మూడు నుంచి ఐదేళ్ల వరకు ఈ జబ్బు ఛాయలు లేనివారికి, అందులోనూ కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి, ఈ పరీక్షల మధ్య వ్యవధి పెంచవచ్చు. మొదటి మాట అందరికీ గుర్తుంది. రెండవది ఎవరికీ గుర్తున్నట్లు లేదు.

ఆ కిడ్నీ బలహీనత ఎక్కడి నుంచి వస్తోంది? గుండెను తిరస్కరణ నుంచి కాపాడుతున్న సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందుల నుంచే చాలావరకు వస్తోంది. 2003లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికా అధ్యయనం, కిడ్నీ కాక ఇతర అవయవాలు మార్పిడి జరిగిన 69,321 మందిని పరిశీలించింది. గుండె మార్పిడి జరిగినవారిలో ఐదేళ్లకు 10.9 శాతం మందికి, కాలేయ మార్పిడి జరిగినవారిలో 18.1 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం వచ్చినట్లు అందులో లెక్క తేలింది. ఈ మందులు కిడ్నీ వడపోత గుచ్ఛానికి రక్తం తెచ్చే సన్నని ధమనిని బిగిస్తాయి. ఎక్స్‌రే, సి.టి. పరీక్షల్లో వాడే అయోడిన్ కాంట్రాస్ట్ కూడా కిడ్నీ లోపలి పొరలో రక్తప్రవాహాన్ని కొంతసేపు తగ్గిస్తుంది. రెండూ ఒకే దిశలో పనిచేస్తాయి. రోగి ఉదయం నుంచి పచ్చిమంచినీళ్లు కూడా తాగకుండా పరీక్ష కోసం మధ్యాహ్నం దాకా బల్ల మీద ఎదురుచూస్తే, మూడవదాన్ని మనమే చేర్చినట్లవుతుంది. కాంట్రాస్ట్ ఎంపిక గురించి గంటల తరబడి చర్చించి, రోగిని ఇలా ఎండబెట్టే ఆసుపత్రులు లేకపోలేదు.

ఇప్పుడు అయోడిన్ సీసాల దగ్గరకు వద్దాం. పాతకాలపు అధిక ఆస్మోలాలిటీ (ద్రవంలో కరిగిన కణాల సాంద్రత) మందులు రక్తంకన్నా ఐదారు రెట్లు చిక్కనివి; గుండె పరీక్షలలో వాటి కాలం ముగిసింది. ఈనాడు మన చేతిలో ఉన్నవి రెండు తరగతులు. అయోహెక్సాల్, అయోపమిడాల్, అయోప్రమైడ్ వంటివాటిని తక్కువ ఆస్మోలాలిటీ మందులంటాం గానీ, 350 గాఢత ఉన్న అయోహెక్సాల్ ఆస్మోలాలిటీ 844 వరకు ఉంటుంది. రక్తానిది 290 దరిదాపుల్లో ఉంటుంది. అయోడిక్సనాల్ ఒక్కటే రక్తంతో సమానమైన 290 దగ్గర ఉంటుంది. 129 మంది మధుమేహ రోగుల మీద జరిగి 2003లో ప్రచురితమైన నెఫ్రిక్ అనే క్లినికల్ పరీక్షలో అయోహెక్సాల్ వాడినవారిలో 26 శాతం మందికి, అయోడిక్సనాల్ వాడినవారిలో 3 శాతం మందికి క్రియాటినిన్ పెరిగింది. ఆ ఫలితం చూసి ప్రపంచమంతా అయోడిక్సనాల్ వైపు పరుగెత్తింది. తర్వాత జరిగిన అనేక పరీక్షలలో అంత తేడా కనబడలేదు. కాబట్టి నా అభిప్రాయం ఇది: అయోడిక్సనాల్ అందుబాటులో ఉంటే, రోగి కిడ్నీ మరీ బలహీనంగా ఉంటే వాడండి. ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు ఒంట్లో వేడి సెగ తక్కువగా ఉంటుంది కాబట్టి సి.టి. సమయంలో రోగి కదలకుండా ఉంటాడన్న లాభం కూడా ఉంది. అయితే రెండు మూడు రోజుల తర్వాత వచ్చే చర్మపు దద్దుర్లు ఈ మందుతో కాస్త ఎక్కువ. ఆ మాట రోగికి ముందే చెప్పాలి, లేకపోతే వారు ఆ దద్దుర్లకు టాక్రోలిమస్‌నో, యాంటీబయాటిక్‌నో తప్పుపట్టి మానేసే ప్రమాదం ఉంది. అయోడిక్సనాల్ దొరకలేదని మాత్రం అవసరమైన యాంజియోగ్రామ్‌ను వాయిదా వేయకండి.

సీసా మీద పేరు కంటే సీసాలోంచి ఎంత తీశామన్నది ముఖ్యం. ఇక్కడ క్యాథ్‌ల్యాబ్ మిత్రులతో కాస్త వివరంగా మాట్లాడాలి. మార్పిడి గుండెకు ఏటా చేసే పరీక్షలో వెంట్రిక్యులోగ్రామ్‌కు (జఠరికలోకి కాంట్రాస్ట్ పంపి తీసే బొమ్మకు) చోటు లేదు. జఠరిక ఎలా కొట్టుకుంటోందో ఎకో (గుండె అల్ట్రాసౌండ్) చెబుతుంది, ఆ ఒక్క బొమ్మకు 30 మి.లీ. పైగా కాంట్రాస్ట్ ఖర్చు చేయడం అనవసరం. రెండు కోణాల్లో ఒకేసారి తీసే బైప్లేన్ యంత్రం ఉంటే ఒక్కో ఇంజెక్షన్‌కు రెండు బొమ్మలు వస్తాయి. క్యాథెటర్ కుదిరిందో లేదో చూడటానికి చేసే చిన్న చిన్న పఫ్‌లు ఎవరూ లెక్కపెట్టరు గానీ, అవన్నీ కలిస్తే ఒక పూర్తి ఇంజెక్షన్ అవుతుంది. అందుకే సిరంజిలోకి తీసిన మొత్తం, చివర మిగిలినది రెండూ నర్సు రాసిపెట్టాలి. రోగి ఇ.జి.ఎఫ్.ఆర్. (కిడ్నీ వడపోత వేగపు అంచనా) ఎంతుందో అన్ని మిల్లీలీటర్లలోపు ముగించాలన్నది అతి తక్కువ కాంట్రాస్ట్ పద్ధతిలో వాడే కొలమానం. 35 ఉన్నవారికి 35 మి.లీ. అన్నమాట. స్టెంట్ వేయవలసి వచ్చినప్పుడు అది ఎప్పుడూ కుదరకపోవచ్చు గానీ, దానికి రెండు మూడు రెట్లు దాటిపోతుంటే ఆగి ఆలోచించాలి. నాళం గోడ మందం చూడాలంటే నాళం లోపలి నుంచే చూసే ఐవస్ ఎంచుకోండి. అది అల్ట్రాసౌండ్ కాబట్టి కాంట్రాస్ట్ అవసరం లేదు. నాళం లోపలి నుంచి కాంతితో చిత్రం తీసే ఓ.సి.టి. మరింత సూక్ష్మంగా చూపిస్తుంది, నిజమే, కానీ ప్రతి చిత్రానికీ నాళంలోని రక్తాన్ని కాంట్రాస్ట్‌తో కడగవలసి ఉంటుంది. కాళ్ల నాళాలకు కొందరు కార్బన్ డయాక్సైడ్ వాడుతున్నారు కదా, ఇక్కడ ఎందుకు వాడకూడదని ఒక రెసిడెంట్ అడిగాడు. మంచి ప్రశ్న, గుండె నాళాలకు, మెదడుకు వెళ్లే నాళాలకు ఆ వాయువు ప్రమాదకరం, డయాఫ్రమ్‌కు పైన ధమనులలో దాన్ని వాడకూడదు.

క్యాథెటర్ ఎక్కడి నుంచి వెళ్లాలన్నది కూడా ఈ లెక్కలోనిదే. కిడ్నీ మార్పిడి జరిగినవారికి కొత్త కిడ్నీ పొత్తికడుపులో ఒక పక్కన, తుంటి ధమనికి అతికి ఉంటుంది. తొడ దగ్గర నుంచి వెళ్లవలసి వస్తే రెండో పక్కనుంచి వెళ్లండి. రేపో మాపో ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలపడం) అవసరం కాగల రోగికి మణికట్టు ధమనిని తేలికగా తీసుకోవద్దు. క్యాథెటర్ బృహద్ధమనిలోంచి పోయేటప్పుడు అక్కడి కొవ్వు గారలోంచి కొలెస్టరాల్ స్ఫటికాలు రాలి కిడ్నీలో ఇరుక్కోవచ్చు. అప్పుడు పెరిగే క్రియాటినిన్‌కు కాంట్రాస్టే కారణమని అందరూ రాసేస్తారు. మామూలుగా కాంట్రాస్ట్ దెబ్బ ఒకటి రెండు రోజుల్లో కనిపించి, మూడు నుంచి ఐదు రోజుల్లో శిఖరానికి చేరి తగ్గుముఖం పడుతుంది. వారాల తరబడి మెట్లు మెట్లుగా పెరుగుతూ, కాలివేళ్లు నీలిరంగుకు తిరిగితే అది స్ఫటికాల పని.

నివారణకు ఏం ఇవ్వాలన్న విషయంలో ఇప్పుడు సందిగ్ధం తక్కువ. 2018లో ప్రచురితమైన ప్రిజర్వ్ పరీక్ష, యాంజియోగ్రఫీ చేయించుకుంటున్న దాదాపు 5,000 మందిలో కిడ్నీ రక్షణకని ఇచ్చే బైకార్బొనేట్‌ను సెలైన్‌తో, ఎసిటైల్‌సిస్టీన్‌ను ఉత్తుత్తి మాత్రతో పోల్చింది. మరణం, డయాలసిస్, నిలిచిపోయే కిడ్నీ నష్టం, వేటిలోనూ తేడా రాలేదు. నెదర్లాండ్స్‌లో జరిగి, అంతకు ముందు ఏడాది ప్రచురితమైన అమేసింగ్ పరీక్ష, ఇ.జి.ఎఫ్.ఆర్. 30 నుంచి 59 మధ్య ఉన్నవారికి అసలు సెలైన్ ఎక్కించకపోయినా ఫలితం చెడలేదని చూపింది. ఈ రెండు పరీక్షలూ మార్పిడి రోగుల మీద ప్రత్యేకంగా చేసినవి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలు రాయడం ఆపడానికి అవి చాలు. 30 కంటే తక్కువ ఉన్నవారికి సెలైన్ ఎక్కించండి. గుండె పంపింగ్ 35 శాతం లోపు ఉంటే గంటకు కిలోకు ఒక మి.లీ. బదులు అర మి.లీ. చొప్పున ఇవ్వండి. కిడ్నీని కాపాడబోయి ఊపిరితిత్తుల్లో నీరు నింపకూడదు.

సి.టి. కరోనరీ యాంజియోగ్రామ్ గురించి అడిగేవారు పెరుగుతున్నారు. క్యాథెటర్ లేదు కాబట్టి సురక్షితమన్నది సగం నిజం. జాగ్రత్తగా చేసిన క్యాథెటర్ యాంజియోగ్రామ్ కంటే సి.టి.కి ఎక్కువ కాంట్రాస్ట్ పట్టవచ్చు. దాని అసలు బలం వేరు: నాళం గోడను కూడా చూపిస్తుంది, బాగుందని చెబితే ఆ మాటను చాలావరకు నమ్మవచ్చు. చిక్కు గుండె వేగంతో వస్తుంది, వేగం ఎక్కువైతే బొమ్మ చెదురుతుంది. నరాలు తెగిన గుండె విశ్రాంతిలోనే నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది, బీటా బ్లాకర్‌కు సరిగా లొంగదు. వేగం తగ్గడం లేదని ఎవరైనా డిల్టియాజెమ్ మొదలుపెట్టి నాలుగు రోజులు వాడమంటే, టాక్రోలిమస్‌ను విరిచే కాలేయ ఎంజైమును అది అడ్డుకుంటుంది, రక్తంలో టాక్రోలిమస్ పెరుగుతుంది, అది కిడ్నీని బిగిస్తుంది, సరిగ్గా ఆ రోజే మనం కాంట్రాస్ట్ ఎక్కిస్తాం. ఐవబ్రడిన్ మరో దారి గానీ, ఇప్పటికే డిల్టియాజెమ్ మీద ఉన్న రోగికి ఆ రెండూ కలపకూడదు. సి.టి. గదిలో ఉన్న టెక్నీషియన్‌కు ఇవన్నీ తెలిసే అవకాశం లేదు; పరీక్ష రాసిన వైద్యుడే రోగి మందుల చీటీ చూసి, వేగం తగ్గించడానికి ఏం వాడాలో రాసి పంపాలి.

దాత వైపు నుంచి కూడా ఒక మాట. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా ఒక బ్రెయిన్‌డెడ్ దాత గుండెను తీసుకునే ముందు, వయసు కాస్త ఎక్కువైనా, పొగతాగే అలవాటు ఉన్నా కరోనరీ యాంజియోగ్రామ్ అడుగుతారు. అదే దాత కిడ్నీలు మరో ఇద్దరికి వెళ్లబోతున్నాయి కాబట్టి కిడ్నీ బృందం అభ్యంతరం చెప్పడం సహజం. ప్రచురితమైన పరిశీలనలలో ఇలాంటి యాంజియోగ్రామ్ వల్ల గ్రహీతలలో కిడ్నీ ఆలస్యంగా పనిచేయడం స్పష్టంగా పెరిగినట్లు తేలలేదు. అయితే వెంట్రిక్యులోగ్రామ్ లేకుండా, తక్కువ కాంట్రాస్ట్‌తో ముగించడం అక్కడ మరింత అవసరం.

ఇక కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నవారు. ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే రోగుల్లాంటివారిని ఊహించుకోండి: ఏళ్ల తరబడి తేల్చుకోలేని కారణంతో కిడ్నీ పోయినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, ఛాతీనొప్పి లేనివారు. జాబితాలో పెట్టే ముందు వీరందరికీ యాంజియోగ్రామ్ చేయాలా? 2020లో ప్రచురితమైన ఇస్కీమియా-సి.కె.డి. పరీక్షలో, కిడ్నీ బాగా దెబ్బతిని, గుండెను శ్రమపెట్టి చేసే స్ట్రెస్ పరీక్షలో మోస్తరు నుంచి తీవ్రమైన రక్తప్రవాహ లోపం కనబడిన 777 మందిని రెండు వర్గాలు చేశారు. ముందుగా యాంజియోగ్రామ్ చేసి, అవసరమైతే స్టెంటో బైపాసో చేసిన వర్గంలో మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. లక్షణాలు లేని వ్యక్తికి కేవలం ఫైలు పూర్తికావడానికి యాంజియోగ్రామ్ చేయించే అలవాటును ఈ ఫలితం చూశాకైనా మానుకోవాలి. కిడ్నీకి ఎక్కువ మేలు చేసే కాంట్రాస్ట్, అవసరం లేనిచోట ఇవ్వని కాంట్రాస్టే.

నిజంగా అవసరమైతే మాత్రం డయాలసిస్ అడ్డంకి కాదు. మూత్రం పూర్తిగా ఆగిపోయినవారిలో కాపాడవలసిన కిడ్నీ పని మిగలలేదు కాబట్టి అయోడిన్ కాంట్రాస్ట్ ఇచ్చాక హడావిడిగా అదనపు డయాలసిస్ చేయనవసరం లేదు. మామూలు రోజునే చేస్తే చాలు. రోజుకు కొంత మూత్రం వస్తున్నవారి విషయం వేరు. ఆ కొద్దిపాటి మూత్రం వారి తిండికి, నీళ్లకు ఇచ్చే స్వేచ్ఛ చాలా విలువైనది, దాన్ని కాపాడవలసిందే.

వీరికి మొదట చేయవలసిన పరీక్ష ఎకో. ఛాతీ గోడ మందంగా ఉండి, గుండె గోడలో పక్కపక్కనే ఉన్న రెండు భాగాలైనా సరిగా కనిపించకపోతే మైక్రోబబుల్స్ వాడాలి. మన దగ్గర అన్యాయంగా నిర్లక్ష్యానికి గురవుతున్న కాంట్రాస్ట్ ఇదేనని నా అభిప్రాయం. ఎర్ర రక్తకణం కంటే చిన్న బుడగలు; లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గానీ పర్‌ఫ్లూట్రెన్ గానీ ఉంటుంది, పైన కొవ్వు పొరో, ఆల్బుమిన్ పొరో ఉంటుంది. ఆ వాయువు కొన్ని నిమిషాల్లో ఊపిరితో బయటకు పోతుంది, కిడ్నీకి దానితో పనే లేదు. ఐ.సి.యు.లో మంచం దగ్గరే చేయవచ్చు. 2007లో అమెరికా ఎఫ్.డి.ఎ. ఈ మందుల మీద తీవ్ర హెచ్చరిక పెట్టి, 2008లోనే దాన్ని సడలించింది. ఆ హెచ్చరిక జ్ఞాపకం మాత్రం ఇంకా చాలామందిని వెనక్కి లాగుతోంది. తీవ్రమైన ప్రతిచర్య సుమారు పదివేలలో ఒకరికి వస్తుంది, కాబట్టి అడ్రినలిన్ చేతికందేంత దూరంలో ఉండాలి. కొవ్వు పొర మందులలో పాలిథిలిన్ గ్లైకాల్ ఉంటుంది. మార్పిడికి ముందు కొలనోస్కోపీ కోసం తాగించే పొడిలో కూడా ఉండేది అదే. ఆ పొడి తాగినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా, ఊపిరాడలేదా అని రోగిని అడగడానికి అర నిమిషం పట్టదు.

స్ట్రెస్ ఎకోకు గుండె వేగం పెంచే డోబుటమిన్ వాడతాం. మార్పిడి గుండెకు అది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అది నరాల మీద ఆధారపడదు. వేగం చాలలేదని అలవాటుగా ఇచ్చే అట్రోపిన్ మాత్రం నరాలు తెగిన గుండె మీద పనిచేయదు, అరుదుగా ఏ.వి. బ్లాక్ (గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం అందకపోవడం) తెచ్చిపెడుతుంది. స్ట్రెస్ పరీక్షలో నాళాలను విప్పార్చడానికి ఇచ్చే అడినోసిన్ విషయం దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఆ గుండె దానికి ఎన్నోరెట్లు అతిగా స్పందించి కొన్ని సెకన్లు ఆగిపోవచ్చు. న్యూక్లియర్ పరీక్షలకు రెగాడెనోసన్ మెరుగని ఇప్పటి అనుభవం చెబుతోంది. న్యూక్లియర్ మందులు అసలు కాంట్రాస్ట్ కావు, అతి స్వల్ప పరిమాణంలో ఇచ్చే రేడియోధార్మిక ట్రేసర్లు, కిడ్నీకి హాని చేయవు. టెక్నీషియం స్కాన్ నాళమంతా సమానంగా సన్నబడిన గుండెను “బాగుంది” అని చెప్పే ప్రమాదం ఉంది, ఎందుకంటే అది ఒక భాగాన్ని మరో భాగంతో పోలుస్తుంది. రక్తప్రవాహాన్ని నేరుగా కొలిచే పెట్ స్కాన్‌కు ఆ లోపం లేదు; రుబీడియం, అమ్మోనియా పెట్ సౌకర్యం ఉన్న కేంద్రాలే తక్కువ.

ఎం.ఆర్.ఐ.లో వాడే కాంట్రాస్ట్ అయిన గాడోలినియం దగ్గరకు వస్తే, ఇక్కడి భయానికి చరిత్ర ఉంది. డయాలసిస్ రోగులలో చర్మం చెక్కలా బిగుసుకుపోయి, కీళ్లు వంగకుండా పోయే ఒక కొత్త జబ్బును 2000లో తొలిసారి వర్ణించారు. 2006 దాకా కారణం తెలియలేదు. ఆ ఏడాది ఆస్ట్రియాలో గ్రోబ్‌నర్, డెన్మార్క్‌లో మార్క్‌మన్ బృందం దీన్ని గాడోలినియంతో ముడిపెట్టారు. డెన్మార్క్ రోగులు 13 మందీ గాడోడయమైడ్ తీసుకున్నవారే. గాడోలినియం విడిగా విషపూరితమైన లోహం, దాన్ని ఒక రసాయన పంజరంలో పెట్టి ఇస్తాం. గాడోడయమైడ్ వంటి పాత మందులలో ఆ పంజరం తెరిచిన సంకెల వంటిది. కిడ్నీ పనిచేయక మందు ఒంట్లోనే రోజుల తరబడి తిరిగితే లోహం జారిపోతుంది. గాడోబుట్రాల్, గాడోటెరేట్, గాడోటెరిడాల్‌లలో అది నలువైపులా మూసిన వలయం. 2017లో ఐరోపా మందుల సంస్థ గాడోడయమైడ్‌తో సహా కొన్ని పాత మందులను నిలిపివేసింది. 2020లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ, కిడ్నీ జబ్బు నాలుగు, అయిదు దశలలో ఉండి సురక్షిత వర్గపు గాడోలినియం తీసుకున్న 4,931 మందిని లెక్కిస్తే ఒక్కరికీ ఈ జబ్బు రాలేదు. ప్రమాదం ఉన్నా అది 0.07 శాతానికి మించదని వారి అంచనా.

కాబట్టి “కిడ్నీ మార్పిడి రోగికి గాడోలినియం నిషేధం” అని గోడమీద రాసిన కాగితాలను తీసేసి, ఏ గాడోలినియమో పేరుతో రాసిన కాగితం పెట్టండి. మోతాదు దగ్గర ఒక చిన్న ఉచ్చు ఉంది: గాడోబుట్రాల్ రెట్టింపు గాఢత ఉన్న మందు. 60 కిలోల మనిషికి గాడోటెరేట్ 12 మి.లీ. అయితే గాడోబుట్రాల్ 6 మి.లీ. చాలు. ఆసుపత్రి ఒక మందు నుంచి మరో మందుకు మారిన వారంలో సిరంజి అలవాటు ప్రకారం నిండితే మోతాదు రెట్టింపవుతుంది. 2014లో జపాన్ పరిశోధకులు పదేపదే గాడోలినియం తీసుకున్నవారి మెదడులో దాని జాడలు కనబడుతున్నాయని చూపారు. హాని రుజువు కాలేదు గానీ, ఏడాదికోసారి జీవితాంతం ఎం.ఆర్.ఐ. చేయించుకోబోయే యువ గ్రహీతకు ప్రతిసారీ గాడోలినియం అవసరమా అని అడగడానికి అది చాలిన కారణం. తిరస్కరణ వల్ల గుండె కండరంలో చేరే నీటిని టి1, టి2 మ్యాపింగ్‌లు ఏ ఇంజెక్షనూ లేకుండానే పసిగట్టగలవు. మచ్చ ఎక్కడుందో తెలియాలంటే మాత్రం గాడోలినియం కావాలి. ఇక్కడ కూడా ముందు తేలవలసినది ప్రశ్నే. పాత గుండెకు ఐ.సి.డి. (ప్రమాదకరమైన లయను షాక్‌తో సరిచేసే పరికరం) ఉన్నవారిలో మార్పిడి సమయంలో కోసేసిన తీగ ముక్క ఛాతీ సిరలో ఉండిపోయి ఉండవచ్చు. ఎక్స్‌రే చూడకుండా అయస్కాంతం గదిలోకి పంపకండి. ఒకప్పుడు కిడ్నీకి మంచిదని యాంజియోగ్రామ్‌లోనే అయోడిన్ బదులు గాడోలినియం ఎక్కించేవారు. ఎక్స్‌రేలో కనిపించేంత మోతాదులో అది కిడ్నీకి మరింత హాని చేస్తుంది. ఆ పద్ధతిని ఎవరూ మళ్లీ తవ్వి తీయవద్దు.

ఎలర్జీ గురించి ఒక్క సంగతి, ఎందుకంటే కోస్తా జిల్లాల్లో ఇది రోజూ ఎదురవుతుంది. “నాకు రొయ్యలు పడవండీ” అని రోగి అనగానే కాంట్రాస్ట్ ఆపేస్తారు. రొయ్యల ఎలర్జీ అందులోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వల్ల వస్తుంది, అయోడిన్‌తో దానికి సంబంధం లేదు. అడగవలసింది, గతంలో ఇదే కాంట్రాస్ట్‌తో ప్రతిచర్య వచ్చిందా అని. వచ్చి ఉంటే అదే తరగతిలో వేరే మందుకు మారడం ముఖ్యం. మార్పిడి రోగి ఎలాగూ రోజూ 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ వేసుకుంటున్నాడు కదా, ముందస్తు స్టెరాయిడ్ అక్కర్లేదనుకోవద్దు. ముందస్తు రక్షణకు ఇచ్చేది ప్రతిసారీ 50 మి.గ్రా., పరీక్షకు 13 గంటల ముందు నుంచి మొదలవుతుంది.

చివరగా, క్రియాటినిన్ అంకెను చదవడం. న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రాకుండా వాడే కోట్రిమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్, కిడ్నీ వడపోత తగ్గకపోయినా క్రియాటినిన్‌ను పెంచి చూపిస్తుంది. మంచానపడి కండ కరిగిన రోగిలో క్రియాటినిన్ మోసపూరితంగా తక్కువ కనిపిస్తుంది. కిడ్నీ పనితీరు చూపే మరో రక్తపరీక్ష సిస్టాటిన్-సి చేద్దామంటే స్టెరాయిడ్లు దాన్ని పెంచుతాయి. అందువల్ల ఒక్క అంకె కంటే ఆ రోగికి గత ఆరునెలలుగా ఉన్న అంకెల వరుస చూడాలి, టాక్రోలిమస్ స్థాయి కూడా అదే వారంలో చూడాలి. పరీక్ష తర్వాత 48 నుంచి 72 గంటల మధ్య మళ్లీ క్రియాటినిన్ చేయాలని అందరికీ తెలుసు. రోగి ఆ సమయానికి పలాసలోనో, ఆదిలాబాద్‌లోనో తన ఇంట్లో ఉంటాడు. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ వేసి, ఊళ్లోని ల్యాబ్‌లో చేయించి ఫలితాన్ని సమన్వయకర్తకు వాట్సాప్ చేయమని రాయండి. క్యాథెటర్ వేసినచోట నొప్పి ఉంటే మందుల దుకాణంలో డైక్లోఫెనాక్ కొనుక్కోవద్దని, పారాసెటమాల్ మాత్రమే వేసుకోవాలని దాని కిందనే తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలో యాంజియోగ్రామ్ చేయించుకున్నవారికి, ఇ.జి.ఎఫ్.ఆర్. 30 లోపు ఉన్నవారికి ఆ రెండు రోజులూ దాన్ని ఆపమని, రక్తపరీక్ష బాగుందని ఫోన్ వచ్చాకనే మళ్లీ మొదలుపెట్టమని చెప్పండి.